చివరింటావిడ

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. నా రాతలో స, శ, ష ఒకదాని చొక్కా ఒకటి వేసుకుని తిరుగుతుంటాయి. ఒక పేజీ రాయడానికి నాకు పట్టే సమయంలో, మిల్లులో ఉన్న రోజుల్లో అయితే ఒక కట్ట సంచుల మూతులు కుట్టి పడేసేదాన్ని. తప్పులు మేము దిద్దుకుంటాంలెమ్మని అచ్చువేసేవాళ్ళు చెప్పారు. ఆలస్యానికి మాత్రం వాళ్ళు చేయగలిగింది లేదు, నేను చేయగలిగిందీ లేదు. చెప్పబోయేది కూడా ఆలస్యం సంగతే.

మాది గోనెసంచుల మిల్లు. మగవాళ్ళు మగ్గాల దగ్గర, మేము కుట్టు గదిలో. నేల మీద వరసలుగా కూర్చుని దబ్బనాలతో మూతులు కుట్టేవాళ్ళం. పీచు ధూళి కళ్ళలో, ముక్కులో, ఆఖరికి ఇంటికెళ్ళి విప్పిన జడలో కూడా ఉండేది. నేను సన్నగా, పొడుగ్గా ఉండేదాన్ని. పెళ్ళై ఆ ఇంట్లో అడుగు పెట్టిన రోజే మా అక్క నన్ను పైకీ కిందకీ చూసి, "మీవాళ్ళు పిల్లనిచ్చారా, దబ్బనాన్నిచ్చారా? కాస్త దారం ఎక్కించి మా మరిది చేతికివ్వండి" అంది. అప్పటినుంచి వీధికీ మిల్లుకీ నేను దబ్బనాన్నే. అక్క అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. తోడబుట్టిన వాళ్ళెవరూ లేని నాకు ఆ తేడా ఎన్నడూ తెలియలేదు.

కుట్టు గదిలో ఒక పద్ధతి ఉండేది. మేస్త్రీ ఎప్పుడూ వరసల మధ్య తిరుగుతూ ఉండేవాడు. చెవులు పాము చెవులు. నడుం నొప్పి అని ఎవరైనా అన్నా, ఇంట్లో పిల్లాడికి జ్వరమన్నా, అయితే ఇంటికి పో, నీ చోట్లో కూర్చోడానికి గేటు బయట బోలెడుమంది ఉన్నారు అనేవాడు. అందుకని ఎవరూ తమ కష్టాన్ని తమదని చెప్పేవారు కాదు. "చివరింటావిడకి రాత్రంతా నడుం పట్టేసిందట" అనేవారు. పట్టేసింది ఎవరి నడుమో విన్నవాళ్ళకి తెలిసేది. మందు చెప్పాలన్నా ఆవిడకే చెప్పేవాళ్ళం. వేడి ఇసుక మూట కట్టి కాపడం పెట్టుకోమను ఆవిణ్ణి, అని. మేస్త్రీకి పట్టుకోవడానికి ఏమీ దొరికేది కాదు.

అలా అలవాటైన మాట మిల్లు దాటి మా వెంట ఇంటికి కూడా వచ్చేసింది. పొయ్యి దగ్గరా అదే, మొగుడి దగ్గరా అదే. "చివరింటావిడ కాళ్ళకి చెప్పుల్లేవట" అని నేనంటే మా ఆయన మారు మాట్లాడకుండా వెళ్ళి చెప్పులు తెచ్చేవాడు.

మా వీధి మిల్లు వెనక గోడ వెంట ఒకే వరసగా ఉంటుంది. ఆ చివరింట్లో నిజానికి ఆడమనిషే లేదు. ఉన్నది గేటు కావలి ఆయన, ఒంటి మనిషి. ఆయన ఇంట్లో ఉందనుకున్న ఆ మహాతల్లికి మేము అంటగట్టని రోగం లేదు. ఒకే వారంలో ఆవిడకి కడుపు పోయేది, కడుపు నిలిచేది. ఒక వరసలో ఆవిడ మొగుడు తాగొచ్చి కొట్టేవాడు, పక్క వరసలో అదే పూట ఆవిడ ముండమోసేది. ఒకసారి కావలి ఆయన మా అక్కని దారిలో ఆపి, "ఏమ్మా, మా ఇంట్లో ఎవరో ఒకావిడ ఉందటగా. నాకెప్పుడూ కనపడదేం? కనపడితే కాస్త ఇల్లు ఊడ్చిపెట్టమను" అన్నాడు.

"మా అందరి కష్టాలూ మొయ్యడానికే ఆవిడకి ఒళ్ళు చాలట్లేదు బాబాయ్, ఇంక నీ ఇల్లేం ఊడుస్తుంది" అంది అక్క.

ఒక్కటే కట్టుబాటు. ఎవరు చెప్పే చివరింటావిడ ఎవరో ఇంకొకరు బయటపెట్టకూడదు. అది నలుగురిలో ఒంటి మీద బట్ట లాగడంతో సమానం. ఎంత పోట్లాడుకున్నా, జుట్లు పట్టుకున్నా, ఆ పని మాత్రం మా వీధిలో ఎవరూ చేయలేదు.

నా పెళ్ళైన మరుసటి ఏడాది మిల్లు మూతపడింది. గేటుకి గొలుసు వేశారు. వారంలో తెరుస్తామన్నారు, తర్వాత వానలు వెళ్ళాక అన్నారు, ఆ తర్వాత ఏదో ఒకటి అనడం కూడా మానేశారు. మా ఆయన, బావగారు పని వెతుక్కుంటూ రేవు వైపు వెళ్ళిపోయారు. ఇంట్లో అక్క, నేను, అక్క ఇద్దరు కొడుకులు, చంకలో ఆడపిల్ల మిగిలాం. ఆ పిల్లకి ఇంకా పళ్ళు రాలేదు. అక్కకి పాలు ఇంకిపోయాయి. పిల్ల ఏడవడం కూడా తగ్గిపోయింది, దానికే మాకు భయం వేసింది.

మా వీధికి కత్తులు సాన పట్టే ఒకాయన వచ్చేవాడు. భుజాన చక్రం, వెనక భార్య. ఆవిడకి కుడి కన్ను కింద పెద్ద పుట్టుమచ్చ. వాళ్ళకి పిల్లల్లేరు. వచ్చినప్పుడల్లా ఆవిడ మా పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చునేది. ఆయన చక్రం తిప్పితే రవ్వలు లేచేవి. ఏడుపు మరిచిపోయిన పిల్ల వాటిని చూసి నవ్వేది.

ఒక పొద్దున అక్క పిల్లకి నీళ్ళు పోసింది, ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వింది, తీసుకెళ్ళి ఆవిడ చేతికిచ్చింది. "మిల్లు తెరిచేదాకా" అంది. ఆవిడ అలాగేనంది. అక్క వీధి మలుపు దాకా వాళ్ళ వెనకే వెళ్ళి, తిరిగొచ్చి, పొయ్యి ముట్టించి ఎసరు పెట్టింది. ఎసట్లో పోయడానికి ఇంట్లో గింజ లేదు. ఆ నీళ్ళు ఊరికే మరుగుతూ ఉన్నాయి. నేనూ ఆపలేదు, తనూ దించలేదు.

మిల్లు తెరిచారు. సాన ఆయన రాలేదు. మరిక ఎన్నడూ రాలేదు. మోసం చేశారో, రోగమో రొష్టో వచ్చి ఎక్కడ పడిపోయారో ఎవరికి తెలుసు. బావగారు తిరిగొచ్చాక సంగతి విని ఒకే ఒక్క మాట అన్నాడు. "నన్నడిగావా?" అని. ఆ తర్వాత బతికున్నంత కాలం ఆ పిల్ల ఊసు ఆయన ఎత్తలేదు, ఇంకొకరిని ఎత్తనివ్వలేదు.

అయితే ఏ సాన పట్టేవాడి కేక వీధిలో వినపడినా అక్క కత్తి పట్టుకుని గుమ్మంలో ఉండేది. పదును ఉన్న కత్తే అయినా సరే. వాడు చక్రం తిప్పుతుంటే పక్కన గొంతుక్కూర్చుని, ఏయే ఊళ్ళు తిరుగుతావు, మీవాళ్ళలో ఇలాంటి ఆయన ఎవరైనా తెలుసా, భార్యకి కన్ను కింద మచ్చ ఉంటుంది, అని అడిగేది. అరిగి అరిగి మా ఇంట్లో కత్తులు ఆకుల్లా పలచబడ్డాయి. "ఈ ఇంట్లో కూరగాయలకంటే ముందు కత్తులే తరిగిపోతున్నాయి వదినా" అనేవాడు మా ఆయన. తను కూడా నవ్వేది. మర్నాడు కుట్టు గదిలో తల ఎత్తకుండా, "చివరింటావిడ నిన్న కూడా అడిగిందట. తెలీదన్నారట" అనేది. వరస మొత్తం దబ్బనాలు ఒక్క క్షణం ఆగేవి. మళ్ళీ కదిలేవి.

కాలం గడిచింది. బావగారు పోయారు, మా ఆయనా పోయాడు. మిల్లు మరోసారి మూతపడి ఈసారి మరి తెరవలేదు. యంత్రాలు పాత ఇనుముకి పోయాయి. కావలి ఆయన కూడా పోవడంతో చివరింటికి తాళం పడింది. అక్క కొడుకులు ఒకడు లారీ మీద, ఒకడు రేవులో కుదురుకున్నారు. ఏ కాన్పుకో, ఏ పండక్కో అన్నట్టు కాకుండా వీలైనప్పుడల్లా వచ్చి చూసి పోయేవాళ్ళు, వాళ్ళనేమీ అనడానికి లేదు. మేము ఆ పాత ఇంట్లోనే ఇద్దరం ముసలమ్మలం ఒకరి కళ్ళజోడు ఒకరం పెట్టుకుంటూ ఉండిపోయాం.

అప్పుడు వచ్చింది ప్రశ్నలమ్మ. ఆ పేరు అక్కే పెట్టింది. విశ్వవిద్యాలయంలో పనిచేస్తుంది. ఈ ప్రాంతం చరిత్ర రాస్తున్నానంది. యజమానుల చరిత్ర ఉంది, నాయకుల చరిత్ర ఉంది, పనిచేసినవాళ్ళు ఎలా బతికారో ఎక్కడా లేదు, అది మీ నోటితో కావాలి అంది. మాకు నవ్వొచ్చింది. చరిత్ర అనేది చచ్చినవాళ్ళకి ఉండేదనుకున్నాం.

మంచి పిల్ల. కుర్చీ వేస్తే పక్కకి జరిపి నేల మీద మాతో కూర్చునేది. మాటలు పట్టే మిషను మధ్యలో పెట్టి, దాని సంగతి మాకు మరుపొచ్చేదాకా ఓపిక పట్టేది. అడిగిన ప్రశ్నలు అప్పటిదాకా మమ్మల్ని ఎవరూ అడగనివి. సబ్బు ఎక్కడ కొనేవాళ్ళు, నెలసరి రోజుల్లో కుట్టు గదిలో ఏం చేసేవాళ్ళు, ఏడుపొస్తే ఎక్కడికెళ్ళి ఏడ్చేవాళ్ళు. ఏడుపు ప్రశ్న విని అక్క, "బావి దగ్గర. ముఖం ఎందుకు తడిసిందని అక్కడ ఎవరూ అడగరు" అంది. ఆ పిల్ల మిషను ఆపేసింది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిది. ఏది చెప్పినా, మీరు చూసిందా, విన్నదా అని అడిగేది. "విన్నది తప్పని కాదు పెద్దమ్మా. చూసిన మాట ఒక గంపలో, విన్న మాట ఒక గంపలో వెయ్యాలి. కలిపేస్తే రేపు ఎవరూ దేన్నీ నమ్మరు" అంది. అది సరైన మాటే. ఇప్పటికీ సరైన మాటే అనుకుంటాను.

ఒకరోజు అక్క తనే ఎదురు ప్రశ్న వేసింది.

"ఇది పుస్తకమైతే ఎవరు చదువుతారమ్మా?"

"ఈ చుట్టుపక్కల అందరూ చదవాలనే నా ఆశ. ముందు పేపర్లో కొంత వేస్తాను."

"సాన పట్టేవాళ్ళు చదువుతారా?"

ప్రశ్నలమ్మ నవ్వింది. "వాళ్ళు చదవకపోయినా వాళ్ళ పిల్లలు చదువుతారు పెద్దమ్మా."

మర్నాడు అక్క తల దువ్వుకుని, ఉతికిన బట్ట కట్టుకుని, ఫోటోకి కూర్చున్నట్టు మిషను ముందు కూర్చుంది. అంతా చెప్పింది. మిల్లు గొలుసు, ఇంకిన పాలు, చక్రం, రవ్వలు, పుట్టుమచ్చ, మలుపు దాకా నడవడం, ఒట్టి ఎసరు. ఇన్నేళ్ళలో ఆ సంగతి అంత వరసగా చెప్పగా నేను కూడా వినలేదు. కాకపోతే మొదటినుంచి చివరిదాకా చెప్పింది చివరింటావిడ గురించి.

"ఆవిడ పేరు?" అంది ప్రశ్నలమ్మ.

"పేరేముందమ్మా. చివరింటావిడే."

"మీరు కళ్ళారా చూశారా?"

అక్క చాలాసేపు తన వేళ్ళు చూసుకుంది. తర్వాత, "అందరం విన్నాం" అంది.

నేను పక్కనే ఉన్నాను. మా వీధి కట్టుబాటు ఏమిటో ముందే చెప్పాను కదా.

ఆ పిల్ల వెళ్ళాక నేను ఉండబట్టలేక, ఆ అమ్మాయికి అర్థమైందంటావా అక్కా అని అడిగాను. "ఇన్నాళ్ళు మన మధ్య కూర్చుంది. ఆ మాత్రం తెలీదుటే" అంది. మా అక్క ఆ రోజంత తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు. గుండెలమీది బరువు దింపి ఎవరి చేతికో ఇచ్చేసినట్టే ఉంది.

ప్రశ్నలమ్మ చేయాల్సిందంతా చేసింది. మిల్లు పాత కాగితాలు తిరగేసింది. చివరిల్లు మొదటినుంచీ కావలివాడికే ఇచ్చారని తేల్చుకుంది. మలుపులో ఇస్త్రీ చేసే ఆయన్ని, పక్క వీధి ముసలివాళ్ళని అడిగింది. వాళ్ళు మగవాళ్ళు, ఆ ఇంట్లో ఆడమనిషి ఎప్పుడూ లేదన్నారు. నిజమే చెప్పారు.

కొన్నాళ్ళకి పేపర్లో వ్యాసం వచ్చిందట. మాకు చదివిపెట్టేవాళ్ళు లేక తెలియలేదు. ఆ తర్వాత పుస్తకం వచ్చింది. తనే స్వయంగా తెచ్చింది. పగటిపూట మా గుమ్మం ముందు నీడలో మిగిలిన కుట్టు గది ఆడవాళ్ళమంతా చేరాం. చదివి వినిపించింది. మేస్త్రీ గురించి చదువుతుంటే కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. "ఇది వింటే మేస్త్రీ ఉరేసుకుంటాడు" అంది ఒకావిడ. "ఆయన ఎప్పుడో పోయాడే" అంది ఇంకొకావిడ. "అయితే ఇంకోసారి పోతాడు" అంది అక్క.

తర్వాతి అధ్యాయం పేరు చదివింది. చివరింటావిడ. అక్క కాళ్ళు ముడుచుకుని సర్దుకుని కూర్చుంది.

చాలా అందంగా రాసింది. ఇక్కడి ఆడవాళ్ళు తమ బాధలు మోయడానికి ఒక ఊహామనిషిని కల్పించుకున్నారు, ఆవిడ ఓదార్పుతో బతికారు అని. ఆ కథల్లోకెల్లా గుండె పిండేసేది పసిపిల్లని సాన పట్టే దంపతులకిచ్చిన కథ అని. ఆఖరున, ఎంత వెతికినా అలా పిల్లనిచ్చిన తల్లి జాడ ఎక్కడా దొరకలేదు, కనుక ఇది వీధంతా కలిసి అల్లుకున్న కథ అయి ఉండాలి అని. ఆ మాట దగ్గర ఎవరో దగ్గారు. అక్క వైపు ఒక్కరూ చూడలేదు. చూడకపోవడం కూడా మా పద్ధతిలో భాగమే.

మేము ఊరుకోవడం చూసి, కథ మమ్మల్ని కదిలించిందనుకుంది ప్రశ్నలమ్మ. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. "ఈ కథకి ఎంత బలం ఉందో తెలుసా పెద్దమ్మా. పేపర్లో వచ్చిన నెలలో ఒకావిడ నన్ను వెతుక్కుంటూ ఆఫీసుకొచ్చింది. వాళ్ళ నాన్న సాన పట్టేవాడట. వాళ్ళమ్మ పోతూ పోతూ, నువ్వు మా కడుపున పుట్టలేదు, మిల్లు వెనక వీధిలో నిన్ను మా చేతికిచ్చారు, తిరిగివ్వడానికి మనసొప్పక మళ్ళీ అటువైపు వెళ్ళలేదు అని చెప్పిందట. ఆ చివరింటావిడ ఎవరండీ అని అడిగింది. నాకు కడుపు తరుక్కుపోయింది. లేని ఆశ పెట్టకూడదు కదా. నేను వీధంతా గాలించానమ్మా, ఆ ఇంట్లో ఆడమనిషి ఎప్పుడూ లేదు, ఇది కథ, మీ సంగతి ఇంకెక్కడిదో అయి ఉంటుంది అని మెల్లిగా చెప్పి పంపించాను."



"ఎండలో వచ్చిందా?" అంది అక్క.

"ఆఁ, మిట్టమధ్యాహ్నం."

"మంచినీళ్ళిచ్చావా?"

"ఇచ్చాను. రెండు గ్లాసులు తాగింది. కూర్చోమంటే మాత్రం కూర్చోలేదు."

"మనిషి ఎలా ఉంది? బాగా ఉందా?"

"బాగానే ఉంది పెద్దమ్మా. మీలాగే గడ్డం మీద..." అని ప్రశ్నలమ్మ ఆగిపోయింది. చెయ్యి పుస్తకం మీదే ఉండిపోయింది.

అక్క మోకాళ్ళ మీద చేతులు వేసుకుని లేచింది. "నీళ్ళిచ్చావు, మంచి పని చేశావమ్మా" అంది. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి అంది, "ఈ సంగతి చివరింటావిడకి మాత్రం చెప్పకండే. పాపం, తట్టుకోలేదు."

లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

ఆ పిల్ల మర్నాడే మళ్ళీ వచ్చింది. కూర్చోమనేదాకా గుమ్మంలోనే నిలబడింది. ఆఫీసంతా వెతికిందట, వచ్చినావిడ పేరు గానీ ఊరు గానీ ఎక్కడా రాసుకోలేదు. కథ అనుకున్నదానికి చిరునామా ఎందుకు రాసుకుంటారు? పేపర్లో ప్రకటన వేయిస్తానంది. తర్వాత వేయించింది కూడా, ఒకటికి రెండుసార్లు. ఆ పూట మాత్రం తల వంచుకుని, "నేను అడగాల్సిన ప్రశ్న అడగలేదు పెద్దమ్మా" అంది.

"అడిగావు తల్లీ. జవాబే నేను ఇంకొకరి చేత చెప్పించాను" అంది అక్క.

ఇంతలో ఇస్త్రీ ఆయన ఇంకో సంగతి చెప్పాడు. పేపర్లో వచ్చిన రోజుల్లో ఒకావిడ మా వీధికి కూడా వచ్చిందట. చివరింటావిడ ఎక్కడుంటుందని అడిగితే ఈయన నవ్వి, ఆవిడ ఆడంగుల కబుర్లలో మనిషి, ఆ ఇంటికి తాళం అని చూపించాడట. అయినా ఆవిడ వెళ్ళి ఆ ఇంటి అరుగు మీద కాసేపు కూర్చుని వెళ్ళిందట. ఆ రోజు మేమిద్దరం ఇంట్లోనే ఉన్నాం. నాలుగు గుమ్మాల అవతల. తలుపులు బార్లా తీసుకుని పప్పో బియ్యమో ఏరుకుంటూ ఉండి ఉంటాం.

ఇస్త్రీ ఆయన మీద నాకు కోపం వచ్చింది. అక్కకి రాలేదు. అంతా విని, "తాళం ఉండకూడదే దబ్బనం" అంది. అంతే, ఇంటి యజమానిని పట్టుకుని, కొడుకులచేత అడిగించి, పెచ్చులూడిన ఆ ఇంటికి సున్నం కొట్టించి, నన్నూ గిన్నెల్నీ అరిగిన కత్తుల్నీ వెంటేసుకుని చివరింటికి మారింది. వీధిలో ఎవరూ ఎందుకని అడగలేదు. "చివరింటావిడ ఎట్టకేలకి సొంతింటికి చేరింది" అని ఒకావిడ అంది. అందరూ నవ్వారు, తర్వాత అందరూ కళ్ళు తుడుచుకున్నారు.

పుస్తకం రెండోసారి అచ్చు వేస్తున్నారని ప్రశ్నలమ్మ వచ్చింది. తప్పు దిద్దుతాను, ఏమని రాయమంటారు అని అడిగింది. తన పేరు వద్దంది అక్క, వద్దంటే వద్దంది. అలవాటు అంత తొందరగా పోదు. ఆ పిల్లని చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించింది. పొయ్యి, మంచం, గూట్లో కత్తులు, చివరికి తనని.

"చూశావుగా? చివరింట్లో ఆడమనిషి ఉంది. ఇది విన్న మాట కాదు. చూసిన గంపలో వెయ్యి."

వేసింది. అయితే అది నిజంగా పుస్తకంలో ఉందో లేదో అక్కకి తెలియాలి. ఎవరినో పిలిచి చదివించుకోవడం తనకి ఇష్టం లేదు. తనకా కళ్ళు మసకబారాయి. "నువ్వు నేర్చుకోవే. ఊరికే పొడుగ్గా పెరిగావు, దేనికైనా పనికిరా" అంది. మిల్లు పాత ఆఫీసు గదిలో పెద్దవాళ్ళకి చదువు చెబుతున్నారు, అక్కడ చేరాను. పెన్సిలు కూడా దబ్బనంలాగే పట్టుకునేదాన్ని. కాగితానికి చిల్లు పడుతుందేమోనని పంతులమ్మ భయపడేది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ నేను ఆ వాక్యం దాకా చేరేసరికి ఏడాదిపైన పట్టింది. అక్క తొందరపెట్టలేదు. ఎంతవరకొచ్చావే అని మాత్రం అడిగేది, కుట్టు గదిలో కట్ట ఎంతవరకొచ్చిందని అడిగినట్టు.

చదివి వినిపించిన రోజు మంచంలో ఉంది. "ఆ తల్లి ఉంది. మిల్లు వెనక వీధి చివరింట్లో ఉంది. ఎదురు చూస్తోంది." మూడు చిన్న వాక్యాలు. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. "బాగా రాసింది" అంది. ఆ వానాకాలం దాటకుండా వెళ్ళిపోయింది. రేవు నుంచి, లారీ మీంచి కొడుకులిద్దరూ వేళకే వచ్చారు. రావాల్సిన ఒక్కరూ రాలేదు.

ప్రశ్నలమ్మ ఇప్పటికీ వస్తుంది. తల కొంచెం నెరిసింది. ఇప్పుడు ఎవరైనా పక్కింటావిడ గురించి, ఎదురింటావిడ గురించి చెబితే, మిషను ఆపేసి ఊరికే కూర్చుంటుందట. ఇది నన్ను రాయమన్నది తనే. పుస్తకాలు అందరికీ చేరవు, పత్రిక చేతులు మారుతుంది అంది. నేనూ అదే అనుకుని మొదలుపెట్టాను. కాకపోతే చివరికొచ్చేసరికి కట్టుబాటు ఒకటి దాటక తప్పడం లేదు. అక్క ఎక్కడున్నా నన్ను క్షమించాలి. చివరింటావిడ మా అక్కే. పిల్లనిచ్చింది తనే. మలుపు దాకా నడిచింది తనే. నేను విన్నది కాదు, చూసింది.

అమ్మాయ్, నువ్వెవరివో ఎక్కడున్నావో, ఇది నీ కంటపడితే రా. నిన్ను కన్నతల్లిని చూపించలేను. తన మంచం ఉంది, ఆకుల్లా అరిగిన కత్తులు ఉన్నాయి, ఎన్నిసార్లు ఎవరెవర్ని ఏమడిగిందో చెప్పడానికి నేనున్నాను. అరుగు మీద కాదు, లోపలికొచ్చి కూర్చో. తలుపు పగలంతా తీసే ఉంటుంది.

దబ్బనం,
వయసు డెబ్బై ఒకటి,
మిల్లు వెనక వీధి, చివరిల్లు.